గుర్రాల ముందు ఉరిమిన బగ్గీ

ఎర్లీన్ డొనాటో ఒకసారి చెప్పిన మాటను "ఏమన్నావ్?" అని తిరిగి అడిగినవాళ్ళు లాటెల్ ఊరి చుట్టుపక్కల ఎవరూ లేరు. ఆమె స్కూలు బస్సు నడిపేది. వెనకాఖరి సీటు కింద చూయింగ్ గమ్ అంటిస్తున్న పిల్లవాణ్ణి, తల తిప్పకుండానే, ఇంటిపేరుతో సహా పిలిచి ఆపగలిగిన గొంతు. మనిషి పొట్టి, భుజాలు వెడల్పు. నవ్వు ముందు పొట్టలో మొదలై, భుజాలను ఊపి, ఆఖర్న మొహానికి చేరేది. అది చేరేలోపే ఎదుటివాళ్ళు నవ్వేసేవారు. ఆమె పోయాక జనం మొట్టమొదట తలుచుకున్నది ఆ నవ్వునే. రెండోది ఆమె బగ్గీని.

బగ్గీ అంటే గుర్రం లాగేది కాదు. తలుపులుండవు, కిటికీ అద్దాలుండవు. ఇనప గొట్టాల పంజరంలో నాలుగు సీట్లు, కింద ఒక్కోటీ చిన్న దూడంత చక్రాలు. నడుముల్లోతు బురదలో దించినా గట్టెక్కి వచ్చే బండి. వరి చేలూ, రొయ్యల్లాంటి క్రాఫిష్‌ను పెంచే మడులూ, వాగులూ ఉన్న ఆ పల్లపు నేలలో ఇంటికొకటి ఉండేది. ఎర్లీన్ బగ్గీ వంకాయ రంగు.

ఈస్టర్ దాటిన ఆదివారం అక్కడ సవారీ. దాని వరస ఎప్పుడూ మారదు. అందరికంటే ముందు స్పీకర్లు మోగే పాట బండి, దాని వెనక గుర్రాలు, గుర్రాల వెనక ట్రాక్టర్లు లాగే బండ్లు, అన్నిటికీ వెనక బగ్గీలు. పావు మైలు పొడుగునా సాగే ఆ ఊరేగింపులో పాటంతా ముందున్నవాళ్ళకే. తోకలో ఉన్నవాళ్ళకు దుమ్మూ, పేడ వాసనా, ముందెక్కడో ఎవరో ఎందుకో నవ్వుతున్న చప్పుడూ మిగిలేవి. ఎర్లీన్ పెళ్ళి కాకముందు నుంచీ ఆ తోకలోనే వచ్చింది. దూరాన గుర్రాల నడుములు ఊగే తీరు చూసి జైడెకో అనే వాళ్ళ చిందుల పాటల్లో ముందు ఏది నడుస్తోందో పట్టేసేది. ఆ పాటను తనే ఎత్తుకుని వెనక బగ్గీలకు అందించేది. అకార్డియన్ వరస నోటితో, రొమ్ముకు తగిలించుకుని గీకే గరుకు రేకు చప్పుడు తాళంచెవులతో. డోలు మాత్రం ఎవరి నోటా పలకదు. అది లేక పాట కాళ్ళు తెగిన కుర్చీలా ఉండేది.

ఆ ఏడు పాట బండి నడిపే విల్‌ఫ్రెడ్ ముసలాయన మోకాళ్ళు మొరాయించి, అన్నీ అమ్మేసుకుని కూతురి దగ్గరికి బోమాంట్ వెళ్ళిపోయాడు. సవారీ సంఘం పెద్ద లైనస్ ఓజెన్ తన కొట్టంలో గంబో పులుసు కాయించి అందర్నీ పిలిచాడు. నిప్పుకోడి తోలు బూట్లు, గంజిపెట్టిన జీన్సు, నిటారైన నడుము. నవ్వితే బట్టలు నలుగుతాయన్నట్టు ఉండేవాడాయన.

"హ్యూస్టన్‌లో ఒక లారీ ఉందిట," అన్నాడు. "గోడంత స్పీకర్లు. వాళ్ళను పిలుద్దాం. తలనొప్పి వదిలిపోద్ది."

"మన పాటలు వేస్తారా వాళ్ళు?" అంది ఎర్లీన్, గిన్నెలోంచి తలెత్తి.

"ఏవో వేస్తార్లే."

"ఏవో వేస్తే గుర్రాలు ఏవో నడుస్తాయి మిస్టర్ లైనస్. పరాయివాళ్ళెందుకు? పాట నేను లాక్కొస్తా. నా బగ్గీలో."

కొట్టమంతా గొల్లుమంది. "నీకు స్పీకర్లెందుకు మిస్ ఎర్లీన్, నువ్వు నోరు తెరిస్తే చాలదా!" అన్నాడు వెనకనుంచి ఎవరో.

"నోరుందిరా నాయనా, డోలు లేదు," అంది. "ముందు గుర్రానికీ వినపడాలి, తోకలో ఆఖరి బగ్గీకీ వినపడాలి. అలాంటిది కట్టి తీసుకొస్తా. అప్పుడు నవ్వండి."

లైనస్ మాత్రం నవ్వలేదు. "వినపడ్డం తర్వాత సంగతి అమ్మాయ్. నీ మోతకు గుర్రాలు బెదిరితే కింద పడేది మనుషులు. సవారీకి ముందురోజు నా పచ్చిక బయలుకు తీసుకురా. నా మదామ్ నీ వెనకాల నడిచి వాగు దాటిందా, ముందు చోటు నీది. వెనక్కి తగ్గిందా, అక్కడినుంచే లారీవాడికి ఫోన్ చేస్తా. ఒక్కసారే. రెండోసారి లేదు."

మదామ్ ఆయన ఆడగుర్రం. దాని అడుగు తప్పు పడితే మిగతా గుర్రాలన్నీ తప్పు నడిచేవి. దానికి ఒక వంతెన నచ్చకపోతే ఆ సంఘం దారే మార్చుకుంది.

"సరే," అంది ఎర్లీన్. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. భయం వల్ల కాదు. పెళ్ళి ముందురోజు పట్టనట్టు పట్టలేదు.

తెల్లవారగానే పిన్ని కొడుకు కర్బీకి కబురు వెళ్ళింది. కర్బీ సిమియెన్‌కు ఓపెలూసాలో కార్లకు స్పీకర్లు బిగించే కొట్టు ఉంది. బక్కపలచటి మనిషి, ఎప్పుడూ వేళ్ళతో దేన్నో ఒకదాన్ని తడుతూ ఉంటాడు. వచ్చీ రాగానే ఆమెను తన పాత కారులో కూర్చోబెట్టి, తలుపులేసి, అద్దాలన్నీ ఎక్కించాడు.

"కళ్ళు మూసుకో అక్కా."

"ఎందుకురా, ముద్దు పెడతావా?"

"మూసుకో ముందు."

అతను ఒక మీట తిప్పాడు. ముందు ఏమీ వినపడలేదు. తర్వాత సీటు కిందనుంచి ఏదో లేచింది. ఎర్లీన్ రొమ్ముల వెనక ఎవరో దుప్పట్లు దులుపుతున్నట్టయింది. చెవి పోగులు వాటంతటవే ఊగాయి. అద్దంలో తన బుగ్గలు వణకడం తనే చూసుకుని ఆమె అరిచింది. ఆ అరుపు ఆమెకే వినపడలేదు. జీవితంలో అది మొదటిసారి.

బయటికి దిగాక మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నవ్వింది. "ఇది కావాలి. ఇదే. దీనికి రెట్టింపు."

"వెనక సీట్లు రెండూ పోతాయి."

"పోనీ."

"నీ మొగుడెక్కడ కూర్చుంటాడు?"

"నడుస్తాడు. ఈమధ్య ఒళ్ళొచ్చింది."

ఇక ఆ ఇంట్లో వేరే మాట లేదు. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె అటక మీదనుంచి దిగింది. సీట్లు ఊడదీసిన చోట ఎర్లీన్ ఆ అట్టను కోసి, మడిచి, టేపు అంటించి పెట్టె ఆకారం తెచ్చింది. భోజనం పళ్ళెం బోర్లించి గుండ్రాలు గీసింది. రెండు సరిపోవని మూడోది గీసింది, నాలుగోదానికి చోటు లేక తిట్టుకుంది. బస్సు షెడ్డులో పెట్టి ఇంటికి రావడం, అట్టపెట్టె ముందు నిలబడి తల ఒకసారి అటూ ఒకసారి ఇటూ వంచి చూడడం. పొయ్యి మీద అన్నం మాడిన రోజులున్నాయి. డోలు మోత పలికే పెద్ద స్పీకర్లు, సబ్‌వూఫర్లు, పడవల్లో వాడే రకం కావాలన్నాడు కర్బీ. వాటి పొర అట్ట కాదు, నీళ్ళు పడ్డా తుడిస్తే పోయే గట్టి ప్లాస్టిక్. బండికున్న బ్యాటరీ వీటి ఆకలికి చాలదు, ఇంకోటి కట్టాలి. యాంప్లిఫయర్‌ను కింద పెడితే మునుగుతుంది, పంజరం పైగొట్టాలకు వేలాడదీయాలి. అతను చెప్పేకొద్దీ ఆమె "ఊఁ, తర్వాత?" అనేది, కథ వింటున్న పిల్లలా.

"పెట్టె మాత్రం చెక్కతో కుదరదు," అన్నాడు కర్బీ గోళ్ళు కొరుకుతూ. "మా కొట్టులో అన్నీ చెక్క పొడి అట్టలే. వాగులో ఒక్కసారి దిగితే పాలలో నానేసిన మొక్కజొన్న రొట్టె అయిపోద్ది."

"ఫెర్డీ ఉన్నాడుగా."

ఫెర్డీ ఆమె తమ్ముడు. క్రాఫిష్ రైతులకు అల్యూమినియం పడవలు అతుకుతాడు. మాట తక్కువ మనిషి. రేకు మీద అరచెయ్యి పెట్టి, గొడ్డును నిమిరినట్టు నిమిరి, అప్పుడు నిప్పు ముట్టిస్తాడు. కర్బీ గీసిచ్చిన బొమ్మను చాలాసేపు చూసి, "ఇదేంటి?" అని ఒకచోట వేలు పెట్టాడు.

"అది రంధ్రం అన్నా. పెట్టెలో గాలి దానిగుండా బయటికొస్తేనే మోత."

ఫెర్డీ బొమ్మ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పెట్టె తయారైందని కబురొస్తే ఇద్దరూ పరిగెత్తారు. ఫెర్డీ దాన్ని షెడ్డులో కాదు, క్రాఫిష్ మడిలో చూపించాడు. తళతళలాడుతూ, బాతులా, నీళ్ళ మీద తేలుతోంది. లోపల పడవకు వేసినట్టే పక్కటెముకలు అతికాడట. స్పీకర్ల చోట తాత్కాలికంగా మూతలు బిగించాడు. చూపుడువేలితో నెడితే హాయిగా అటు వెళ్ళి ఇటు వచ్చింది.

"పొద్దుట్నుంచి వదిలేశా," అన్నాడు గర్వంగా. "చుక్క దిగలా."

కర్బీ ప్యాంటు మడుచుకుని నీళ్ళలోకి దిగి పెట్టెను చుట్టూ తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. "అన్నా, రంధ్రమేదీ?"

"పెట్టలా."

"పెట్టలా ఏంటి? బొమ్మలో ఉందిగా!"

"నీళ్ళలోకి పోయేదానికి నేను చిల్లు పెట్టను."

"అది చిల్లు కాదయ్యా మగడా, దాని ముక్కు! ముక్కు మూసేసి పాడమంటావా?"

"ముక్కున్న పడవ మునుగుద్ది."

"ఇది పడవ కాదు!"

"తేలుతోందిగా," అన్నాడు ఫెర్డీ.

ఎర్లీన్ గట్టు మీద కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వులోనే ఆమె చూపు తన బగ్గీ మీద పడింది. వాగుల్లో దిగే బగ్గీలన్నిటికీ ఇంజను గాలి పీల్చే గొట్టం పంజరం పక్కనుంచి పైకి, మనిషి తలెత్తున ఉంటుంది. బండి మునిగినా ఇంజనుకు ఊపిరాడాలని.

"ఒరే, ఇంజను ఎలా పీలుస్తోందిరా?" అంది. "పెట్టెక్కూడా అలాగే గొట్టాలు పైకి లేపు. తమ్ముడికి చిల్లు నీళ్ళలో ఉండదు, నీకు ముక్కు ఉంటది."

కర్బీ వేళ్ళు తట్టడం ఆపాడు. "గొట్టం పొడుగైతే స్వరం బాగా కిందికి దిగిపోద్ది అక్కా," అన్నాడు నెమ్మదిగా. వెంటనే మొహం వెలిగింది. "దిగనీ. కిందికి దిగితేనేగా గుండెల్లో తగిలేది!"

రెండు లావుపాటి గొట్టాలు వెనక స్తంభాల వెంట పైకి లేచాయి. ఫెర్డీ వాటి అతుకుల్ని కూడా నీళ్ళు పోసి చూసిగాని వదల్లేదు. బగ్గీకి వంకాయ రంగు కదా, గొట్టాల నోళ్ళ చుట్టూ ఎర్లీన్ బంగారు రంగు పూసింది.

మొదటిసారి మోగించింది ఫెర్డీ రేకుల షెడ్డులోనే. అబ్బ, ఆ మోత! గోడకు తగిలించిన పట్టకార్లు గలగలలాడాయి. బల్ల మీద మేకులు చీమల్లా నడిచాయి. ఫెర్డీ కుక్క లేచి, గౌరవంగా, బయటికి వెళ్ళిపోయింది. ఎర్లీన్ చేతులు గాలిలోకి ఎత్తి అక్కడే రెండడుగుల చిందు మొదలుపెట్టింది. కర్బీ ఆమె చెయ్యందుకున్నాడు. ఫెర్డీ కూడా ఒక కాలు కదిపాడని తర్వాత వాళ్ళిద్దరూ ఒట్టేసి చెప్పేవారు.

"ఇప్పుడు బయటికి తీద్దాం," అంది ఆమె ఎగరోజుతూ. "నేను చేలోకి వెళ్ళి తోకలో ఆఖరి బగ్గీ ఉండేంత దూరంలో నిలబడతా. మీరు మోగించండి."

ఆమె వరి మళ్ళ గట్టు వెంట చాలా దూరం నడిచి వెళ్ళి, వెనక్కి తిరిగి టోపీ ఊపింది. అక్కడ కర్బీ బగ్గీలోకి వంగడం కనిపించింది. అకార్డియన్ సన్నగా, దోమలా వినిపించింది. ఎర్లీన్ ఎదురు చూసింది. మళ్ళీ టోపీ ఊపింది. కర్బీ రెండు చేతులూ చాచాడు, ఇంతకంటే లేదన్నట్టు. ఆ ఉరుమును ఎవరో దొంగ సంచిలో వేసుకుని పోయినట్టుంది. డోలు లేదు. మళ్ళీ అదే కాళ్ళు తెగిన కుర్చీ.

తిరిగొచ్చేసరికి కర్బీ బగ్గీ చక్రానికి ఆనుకుని నేల మీద కూలబడి ఉన్నాడు.

"గోడలు లేవక్కా," అన్నాడు. "నేను పుట్టి బుద్ధెరిగాక మోత పెట్టిందంతా తలుపులేసిన కార్లలో. అద్దాలెక్కిస్తే అంత కింది స్వరం కూడా లోపలే తిరిగి తిరిగి పెద్దదవుద్ది. ఇక్కడ అద్దాలేవీ? షెడ్డు మనల్ని మోసం చేసింది. నేనూ చేశా."

"ఏడుపు తర్వాత. ఏం చెయ్యాలో చెప్పు."

"స్వరం పైకి తేవాలి. మన డోలు దెబ్బ అంత లోతులో ఉండదు, పైనుంటది. ఆ స్వరానికి పెట్టెను సరిగ్గా కుదిరిస్తే ఇవే స్పీకర్లు ఆరుబయట కూడా చాలా దూరం తన్నుతాయ్. కానీ దానికి గొట్టాలు పొట్టిగా కొయ్యాలి."

"కోస్తే నీళ్ళొస్తాయ్," అన్నాడు ఫెర్డీ.

"తెలుసు! అందుకే ఏడుస్తున్నా!"

సవారీ దగ్గర పడింది. లైనస్ ఆ లారీవాడితో ముందే మాట్లాడి పెట్టాడని కూడా చెవిన పడింది. ఎర్లీన్ ఐసుపెట్టెలోంచి రూట్ బీర్ సోడా సీసా తీసి, సగం తాగి, ఆలోచన పట్టినప్పుడు అలవాటుగా చేసేట్టు సీసా మూతి మీద ఊదింది. బూఁ అంది. ఇంకాస్త తాగి ఊదింది. ఇంకా కింది స్వరంలో బూఁ అంది. ఆమె ఆగిపోయింది. సీసాను కళ్ళ ముందు పెట్టుకుని చూసింది.

"తాగేకొద్దీ దిగుతోంది స్వరం," అంది. "మెడ అదే. పొడుగు అదే. లోపల ఖాళీ పెరిగేకొద్దీ దిగుతోంది."

కర్బీ తల ఎత్తాడు.

"మరి నింపితే?"

"లేస్తది," అన్నాడు కర్బీ. "పెట్టె చిన్నదైతే స్వరం లేస్తది. కానీ అక్కా, ఆ పెట్టెను మళ్ళీ కోసి చిన్నది చెయ్యమంటే ఫెర్డీ అన్న నన్ను కోస్తాడు."

ఫెర్డీ అప్పటికే లేచి వెళ్ళిపోయాడు. తిరిగొచ్చినప్పుడు చంకలో తెల్లటి దిమ్మెలున్నాయి. పడవ బోల్తా పడ్డా మునగకుండా బల్లల కింద కుక్కే నురగ దిమ్మెలు. నీళ్ళు పీల్చవు, బరువుండవు.

"కొయ్యక్కర్లా," అన్నాడు. "నింపుదాం."

ఒక స్పీకరు విప్పి, ఆ గుండ్రంలోంచి దిమ్మె లోపలికి పెట్టి, పక్కటెముకల మధ్య ఇరికించి, స్పీకరు మళ్ళీ బిగించడం. ఎర్లీన్ గట్టు చివరికి వెళ్ళడం. డోలు మోగడం. ఆమె తల అడ్డంగా ఊపడం. మళ్ళీ విప్పడం. దూరాన నిలబడ్డ ఆమె చెవులతో వినలేదు. బూట్లు విప్పేసి, తడి గట్టు మీద ఉత్తికాళ్ళతో నిలబడింది. ఒక్కో దిమ్మెకూ డోలు ఒక్కో అడుగు ఆమె వైపు నడిచి వస్తున్నట్టుంది. ముందు గుసగుసలా. తర్వాత పక్కింట్లో ఎవరో రోకలి వేస్తున్నట్టు. తర్వాత ఒక్కసారి, ఠపీమని, అరికాళ్ళలోంచి మోకాళ్ళలోకి ఎక్కింది. ఎర్లీన్ టోపీని ఊపలేదు. ఆకాశంలోకి విసిరేసింది. అది బురదలో పడింది. దాన్ని తీసుకోకుండానే ఆమె గట్టు వెంట పరిగెత్తుకుంటూ వచ్చింది, నోటినిండా అరుస్తూ. డోలు ఆమెకు ఎదురొస్తూనే ఉంది.

శనివారం లైనస్ పచ్చిక బయలుకు, పిలవకపోయినా, జనం వచ్చారు. మడత కుర్చీలు వేసుకుని అన్నం, మాంసం కూరిన వేడి వేడి బూదాన్ సాసేజ్‌లు కొరుక్కుంటూ కూర్చున్నారు. ఎర్లీన్ స్టీరింగు ముందు కూర్చుంది. పక్క సీట్లో కర్బీ, వాగు ఒడ్డున ఫెర్డీ. అతని కళ్ళు పెట్టె మీదే. లైనస్ మదామ్‌నెక్కి వచ్చి బగ్గీ వెనకగా నిలిపాడు. ఎర్రటి ఒళ్ళు, పైకెత్తిన మెడ. అది బంగారు రంగు గొట్టాల వంక ఒకసారి చూసి, ముక్కు ఎగబీల్చి, ఊరుకుంది.

"ఎప్పుడైనా కానీ అమ్మాయ్," అన్నాడు లైనస్.

ఇన్నాళ్ళ ఆత్రమంతా ఎర్లీన్ వేలి కొసకు వచ్చింది. బండిని అంగుళం కదపలేదు. మీటను చివరిదాకా తిప్పేసింది.

డోలు పేలింది. మదామ్ ముందుకాళ్ళు గాలిలోకి లేచాయి. జనం లేచి నిలబడ్డారు. లైనస్ జూలు పట్టుకుని వేలాడి, ఎలాగో జారకుండా దిగి, కళ్ళెం బిగించి పట్టుకున్నాడు. గుర్రం వెనక్కి, ఇంకా వెనక్కి తగ్గి వణుకుతూ నిలబడింది. కర్బీ అప్పటికే పాట ఆపేశాడు.

"బండి కదిలాకే కదా పాట!" అని కసిరాడు లైనస్, టోపీ సరిచేసుకుంటూ. "విల్‌ఫ్రెడ్ ఏనాడైనా నిలబడి మోగించాడా? ముందు చక్రం, తర్వాత సన్నగా పాట, తర్వాత డోలు. ఆ సంగతి కూడా తెలీదా నీకు?"

ఎర్లీన్‌కు నిజంగానే తెలియదు. సవారీ ఎలా మొదలవుతుందో ఆమె ఎన్నడూ చూడలేదు. తోకలో ఉన్నవాళ్ళు కదిలేసరికి ముందు పాట ఎప్పుడో నడుస్తూ ఉండేది. ఏ పాటకు గుర్రం ఏ తీరున ఊగుతుందో తెలిసిన మనిషికి ఆ మొదటి నిమిషం మాత్రం తెలియదు.

"మిస్టర్ లైనస్, ఇంకొక్కసారి..."

"ఒక్కసారే అన్నా."

"అన్నారు," అంది. మొహం కందిపోయింది. కానీ ఆమె దిగలేదు. "సరే. మీరు ఫోన్ చేసుకోండి. నేను మాత్రం నా తమ్ముడు కట్టిన పెట్టెను నీళ్ళలో దించి చూడకుండా ఇంటికి పోను."

బగ్గీ నెమ్మదిగా కదిలింది. చక్రాలు గడ్డి మీద తిరిగాక, కర్బీ సన్నగా అకార్డియన్ వదిలాడు. తర్వాత రేకు. వాగు ఏటవాలు మొదలయ్యేచోట డోలు కొంచెం. నీళ్ళు చక్రాలను దాటి, నేలను దాటి, సీటు అంచుకు వచ్చాయి. పెట్టె మునిగింది. గొట్టాల నోళ్ళు పైన హాయిగా ఊపిరి తీస్తున్నాయి. నీళ్ళ మీద పాట వెడల్పుగా పరుచుకుంది. దెబ్బదెబ్బకూ బగ్గీ చుట్టూ నీళ్ళు చిన్న చిన్న ముడతలు పడుతున్నాయి. ఓడిపోయానన్న సంగతి ఆమె ఒక్క క్షణం మరిచిపోయింది. ఎంత బాగుంది! ఎంత బాగుందో!

"అక్కా," అన్నాడు కర్బీ, వెనక్కి తిరిగి చూస్తూ. "బండి ఆపకు."

"ఏంరా, నీళ్ళు దిగుతున్నాయా?"

"లేదు. ఆపకు. గట్టిగా మాట్లాడకు కూడా, నీకు దణ్ణం పెడతా."

ఆమె అద్దంలోకి చూసింది. లైనస్ హ్యూస్టన్‌కు ఫోన్ కలపడానికి జేబులో చెయ్యి పెట్టినప్పుడు కళ్ళెం వదిలినట్టున్నాడు. మదామ్ ఒక్కతే, జీను మీద ఎవరూ లేకుండా, ఏటవాలు దిగి నీళ్ళలోకి వచ్చింది. చెవులు ముందుకు రిక్కించి, మెడ వంచి, డోలు పడ్డ చోటల్లా ఒక గిట్ట. నిలబడి ఉరిమితే దానికి పిడుగు. నడుస్తూ ఉరిమితే ఎన్నో ఏళ్ళుగా ఎరిగిన ఆదివారం. దాని వెనక, ఫోన్ ఒక చేతిలో ఎత్తిపట్టుకుని, నిప్పుకోడి బూట్లతో రొమ్ములోతు నీళ్ళలో అరుస్తూ వస్తున్నాడు లైనస్. ఆయన అరుపు డోలులో కలిసి ఎవరికీ వినపడలేదు.

అవతలి గట్టున ఎర్లీన్ బండి ఆపలేదు, చిన్న చుట్టు తిప్పింది. మదామ్ కూడా వెనకే చుట్టు తిరిగింది. ఇవతలి ఒడ్డున మడత కుర్చీలన్నీ ఖాళీ. జనం గంతులేస్తున్నారు. ఫెర్డీ మోకాళ్ళ మీద కూర్చుని, వాగులోంచి పైకొచ్చిన పెట్టె అంచుల కింద ఎక్కడైనా చుక్క కారుతుందేమోనని దూరంనుంచే వెతుకుతున్నాడు.

లైనస్ గట్టెక్కేసరికి గంజి అంతా పోయి జీన్సు కాళ్ళకు అంటుకుంది. "నేను ఎక్కి ఉన్నప్పుడు నడవాలనేగా నా ఉద్దేశం," అన్నాడు రొప్పుతూ.

"మీరేమో మదామ్ నడవాలన్నారు," అన్నాడు కర్బీ. "మీరు నడుస్తారని కూడా మేమనుకోలా."

లైనస్ మూతి బిగించాడు. ముందు ఆయన భుజాలు కదిలాయి. తర్వాత నవ్వేశాడు. ఆయన నవ్వడం అక్కడున్న చాలామందికి కొత్త. "రేపు చర్చి అయ్యాక, ముందుండు," అన్నాడు ఎర్లీన్‌తో. "ముందు చక్రం. తర్వాత పాట. నీకు పుణ్యముంటది."

ఆదివారం ఎండ బాగా కాసింది. ఎర్లీన్ వంకాయ రంగు చొక్కా వేసుకుని అందరికంటే ముందు బండి కదిలించింది. ముందు చక్రం, తర్వాత అకార్డియన్, తర్వాత రేకు, తర్వాత డోలు. వెనక మదామ్, మదామ్ వెనక మిగతా గుర్రాలన్నీ ఒకే నడుముతో ఊగుతూ వచ్చాయి. ముందు కూర్చుంటే దుమ్ము ఉండదని ఆమెకు అప్పుడే తెలిసింది. తారు రోడ్డు చివర దారి వరి మళ్ళ చుట్టూ పెద్ద వంపు తిరుగుతుంది. అక్కడ, తల ఎడమకు తిప్పగానే, నీళ్ళు పెట్టిన మళ్ళకు అవతలగా ఊరేగింపంతా కనిపించింది. ఆమె గుర్రాలను చూడలేదు, బండ్లను చూడలేదు. చిట్టచివర, చిన్నగా, బొమ్మలంత కనిపిస్తున్న బగ్గీలను చూసింది. ఆఖరి బగ్గీలో నలుగురు తలలు ఊపుతున్నారు. డోలు అంత దూరం నడిచి వెళ్ళాలి కదా, వాళ్ళ తలలు ఆమె దెబ్బకు ఒక్క రవ్వ ఆలస్యంగా ఊగుతున్నాయి. కానీ ఊగుతున్నాయి, నలుగురివీ ఒక్కసారే.

"అదుగో చూడరా," అంది ఎర్లీన్, కర్బీ మోచేతి మీద ఒక్కటి చరిచి. "అందింది వాళ్ళకి."